బాల నావికులు

మన రాష్ట్రమునకు తూర్పుదిక్కున బంగాళాఖాతము కలదు. ఉత్తరమున ఇచ్ఛాపురమునొద్ద మొదలగు మన సముద్రతీరము ఇసుకతిన్నెలతోను, సరుగుడు తోపులతోను, కొబ్బరి, జీడిమామిడి తోటలతోను ఒప్పుచు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలగుండ విశాఖపట్టణపు కొండలవరకు సాగిపోవును. శ్రీకాకుళము జిల్లాకు సుమారు 193 కిలోమీటర్లు, విజయనగరము జిల్లాకు సుమారు 28 కిలోమీటర్లు తీరము కలదు. మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి మున్నగు నదులు ఈ తీరముననే కడలిలో కలియుచున్నవి.

ఈ ప్రాంతపు ప్రజలకు సముద్రము క్రొత్తది కాదు. ప్రాచీన కాలమున ఇది కళింగదేశము. వంశధారానది సముద్రమున గలియుచోట వెలసిన కళింగపట్టణము ఒకప్పుడు ఓడలు వచ్చిపోవు రేవు. దానికి ఎగువను నదీతీరమున శాలిహుండము కొండపై బౌద్ధస్తూపముల శిథిలములు నేటికిని చూడవచ్చును. కళింగపట్టణమునందును, విజయనగరము జిల్లా చింతపల్లి తీరమునందును గల దీపస్తంభములు రాత్రులయందు ఓడలకు దారి చూపుచున్నవి. రేవు వర్తకము తగ్గిపోయినను, సముద్రముతో ఇచటి ప్రజలకు గల సంబంధము తెగిపోలేదు. తీరము పొడవునను మత్స్యకారుల పల్లెలు కలవు. వేకువజామున పడవలను కెరటములపైకి నెట్టి వేటకు పోవుట, ప్రొద్దెక్కిన పిదప చేపలతో తిరిగివచ్చుట అచటి వారికి నిత్యకృత్యము.

మత్స్యకారుల విద్య సామాన్యమైనది కాదు. దుంగలను మోకుతో బిగించి కట్టిన తెప్పపై నిలిచి, ఒడ్డున విరుగుచున్న పెద్ద కెరటములను దాటి లోపలికి పోవలెనన్న ఏ కెరటమును విడువవలెనో, ఏ కెరటము వెనుక పోవలెనో రెప్పపాటులో తెలిసికొనవలెను. గాలి మారుటయు, మబ్బు పట్టుటయు, నీటి రంగు మారుటయు వారికి చదివిన పుస్తకమువలె అర్థమగును. రాత్రివేళ చుక్కలను జూచి దిక్కు గుర్తింతురు. ఈ జ్ఞానము తాతనుండి తండ్రికి, తండ్రినుండి కుమారునకు నోటిమాటగా, చేతిపనిగా సంక్రమించుచు వచ్చినది.

అయినను, నేటి సముద్రయానమునకు ఈ విద్య ఒక్కటియే చాలదు. భూమిపై సరిహద్దు రాళ్లుండును, కంచెలుండును. నీటిపై ఏ గుర్తును కానరాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులనేకులు జీవనోపాధికై దూరమైన గుజరాత్ తీరమునకు పోయి, అచటి మరపడవలలో పనిచేయుచుందురు. 2018వ సంవత్సరము నవంబరు మాసమున అట్లు వేటకు పోయిన మన మత్స్యకారులు ఇరువదిమందికి పైగా తమ జలములలో ప్రవేశించిరని పాకిస్తాను అధికారులచే నిర్బంధింపబడిరి. వారిలో 20 మంది 2020 జనవరి 6వ తేదీన వాఘా సరిహద్దు వద్ద విడుదలై స్వదేశమునకు చేరిరి. ఒక సంవత్సరమునకు మించి వారి కుటుంబములు ఎంత వేదన పడినవో ఊహించుకొనవచ్చును. వారికి ధైర్యమునకు కొదువలేదు, పడవ నడుపు నేర్పునకు లోటులేదు. కాని కంటికి గోచరింపని సరిహద్దును తెలుపగలది అక్షాంశ రేఖాంశముల లెక్క మాత్రమే. సముద్రముపై ఇప్పుడు మనమెచట నున్నామను ప్రశ్నకు సరియైన సమాధానము తెలియుట ఎంత ముఖ్యమో ఈ సంఘటన మనకు బోధించుచున్నది.

దీనికి భిన్నముగా, పట్టణములలో చదువుకొను బాలురకు అక్షాంశ రేఖాంశములు కంఠస్థముగా వచ్చును. కాని వారిలో పెక్కుమంది పడవపై కాలిడి యెరుగరు. ఈత కూడ రాదు. ఒకరికి నీరు తెలియును, ఒకరికి పటము తెలియును. ఈ రెండు విద్యలను ఒకచోట చేర్చి, వానికి క్రమశిక్షణను జోడించి, బాలబాలికలకు నేర్పుటకు ఒక ఏర్పాటు మన దేశమున కలదు. అదియే నేషనల్ కేడెట్ కోర్‌లోని నౌకాశాఖ.

దీనిని గూర్చి తెలిసికొనుటకు ముందు, మనకు సమీపముననే నౌకావిద్య ఎట్లు వర్ధిల్లినదో కొంత తెలిసికొనుట యుక్తము. విశాఖపట్టణపు రేవు 1933లో ప్రారంభమైనది. రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమైన 1939వ సంవత్సరముననే అచట ఒక నౌకాదళ స్థావరము ఏర్పడినది. దానికి ‘సర్కార్స్’ అని పేరిడిరి. మన తీరప్రాంతమునకు పూర్వమునుండియు గల ‘ఉత్తర సర్కారులు’ అను పేరే దీనికి మూలము. 1948 మార్చి 14వ తేదీన విశాఖపట్టణమున నిర్మింపబడిన ‘జల ఉష’ అను ఓడను నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించెను. 1968 మార్చి 1వ తేదీన తూర్పు నౌకాదళము విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడినది. నౌకాదళమున చేరగోరు బాలురకు శిక్షణ నొసగు బాలనావికుల శిక్షణాలయము కూడ పెక్కు సంవత్సరములు విశాఖపట్టణముననే యుండెను. 1980లో ఒడిశాలోని చిల్కా సరస్సు తీరమున క్రొత్త శిక్షణ కేంద్రము నెలకొల్పబడిన పిదప ఆ పని అచటికి మారినది.

ఆ శిక్షణాలయము నౌకాదళమును వృత్తిగా స్వీకరించినవారికి ఉద్దేశింపబడినది. మరి సాధారణ పాఠశాలలలో చదువు విద్యార్థుల మాటేమి? స్వాతంత్ర్యము వచ్చుటకు ముందుగనే ఈ ప్రశ్న పుట్టినది. 1946లో హృదయనాథ కుంజ్రూ అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడి, విద్యార్థుల శిక్షణకై దేశవ్యాప్తమైన దళమొకటి యుండవలెనని సూచించెను. దానిననుసరించి 1948లో పార్లమెంటు చట్టము చేసెను. ఆ సంవత్సరము జూలై 15వ తేదీన నేషనల్ కేడెట్ కోర్ అవతరించినది. దీనిని మనము ఎన్.సి.సి. అని వ్యవహరించుచున్నాము. మొదట పదాతిశాఖ మాత్రమే యుండెను. 1949లో బాలికల విభాగము, 1950లో వైమానికశాఖ, 1952లో నౌకాశాఖ ఏర్పడినవి. ఎన్.సి.సి. పతాకముపై గల మూడు రంగులు ఈ మూడు శాఖలకు గుర్తులు. ఎరుపు పదాతిదళమునకు, ముదురునీలము నౌకాదళమునకు, లేతనీలము వైమానికదళమునకు చిహ్నములు.

ఎన్.సి.సి.లో పాఠశాల విద్యార్థులకు జూనియర్ విభాగము, కళాశాల విద్యార్థులకు సీనియర్ విభాగము కలవు. జూనియర్ విభాగమున సాధారణముగా ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల విద్యార్థులు చేరుదురు. అనగా, ఈ పాఠమును చదువుచున్న మీ వయస్సువారే. శిక్షణ రెండు సంవత్సరములు సాగును. చివర పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి ‘ఎ’ సర్టిఫికెట్ ఇత్తురు. ఇందు చేరుట నిర్బంధము కాదు; స్వచ్ఛందము. ఇందు చేరినవారు సైన్యమునకు తప్పక పోవలెనన్న నియమమును లేదు. “నౌకాశాఖలో చేర్చినచో మా బిడ్డను యుద్ధమునకు పంపుదురేమో” అని భయపడు తల్లిదండ్రులు ఈ సంగతి నెరుగవలెను. శిక్షణ ముగిసిన పిదప వైద్యుడు కాగోరువాడు వైద్యుడు కావచ్చును, ఉపాధ్యాయురాలు కాగోరునది ఉపాధ్యాయురాలు కావచ్చును. నేర్చిన విద్య మాత్రము వెంటనుండును.

నౌకాశాఖ కేడెట్లకు నేర్పు విషయములలో మొదటిది కవాతు. వరుసలో నిలుచుట, ఆజ్ఞ విన్నంతనే ఒక్కమారుగా కదలుట, దుస్తులను పరిశుభ్రముగా నుంచుకొనుట ఇందలి భాగములు. “నీటిపై పోవువానికి నేలపై కవాతెందులకు?” అని కొందరు ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము పడవలో దొరకును.

కేడెట్లు తెడ్డు వేయుట నేర్చుకొను పడవను ‘వేలర్’ అందురు. అది సుమారు 27 అడుగుల పొడవుండును. దాని రెండు చివరలును కొనదేలియుండును. ఐదుగురు కేడెట్లు ఐదు తెడ్లు పట్టుకొని కూర్చుందురు. సరంగు వెనుక కూర్చుండి చుక్కానిని పట్టును. తెడ్డు వేయువారు వెనుకకు మొగమై కూర్చుందురు గనుక పడవ పోవుచున్న దిక్కు వారికి కానరాదు. అది చూడగలిగినవాడు సరంగు ఒక్కడే. అతడు “గివ్ వే టుగెదర్” అని ఆజ్ఞ ఇచ్చినంతనే ఐదు తెడ్లును ఒకేసారి నీటిలో మునుగవలెను, ఒకేసారి పైకి లేవవలెను. “ఓర్స్” అన్నంతనే తెడ్లన్నియు నీటికి పైన సమముగా నిలువవలెను. “హోల్డ్ వాటర్” అనినచో తెడ్లను నీటిలో నిలిపి పడవను ఆపవలెను.

క్రొత్తగా చేరినవారు తెడ్లు పట్టినప్పుడు ఏమగునో చూచుట వింతగా నుండును. బలము గలవాడు తన బలమంతయు చూపి తొందరగా లాగును. ప్రక్కవాని తెడ్డు వెనుకబడును. రెండు తెడ్లు ఢీకొని చప్పుడగును. ఒకని తెడ్డు మిక్కిలి లోతునకు దిగి, దాని పిడి ఎదురు తిరిగి అతని రొమ్మునకే తగులును. పడవ ఉన్నచోటనే సుడి తిరుగును. ఐదుగురును శ్రమించిరి, కాని పడవ కదలలేదు. కొన్ని దినముల అభ్యాసము తరువాత ఆ ఐదుగురే తక్కువ శ్రమతో పడవను బాణమువలె నడిపింతురు. వారి బలము పెరిగినందువలన కాదు; వారి తెడ్లు ఒకే తాళమున పడుటచేత. నేలపై కవాతు చేయించుటలోని ప్రయోజనము ఇప్పుడు తెలియును. పడవలో ఒకడు ఆజ్ఞను వినకపోయినచో శిక్ష ఉపాధ్యాయుడు విధింపనక్కరలేదు, నీరే విధించును.

తెడ్డు తరువాత తెరచాప. గాలి వీచువైపు పడవ పోవుట సులభము. గాలికి ఎదురుగా పోవుట ఎట్లు? గాలికి నేరుగా ఎదురు పోవుట ఏ తెరచాపకును సాధ్యము కాదు. కాని కొంత కుడికి, కొంత ఎడమకు వాలుగా పోవుచు, మెట్లు ఎక్కినట్లు వంకరటింకరగా పయనించినచో, చివరకు గాలి వచ్చు దిక్కునకే చేరవచ్చును. ఇట్లు పోవునపుడు ప్రతి మలుపునందును తెరచాప ఒకవైపునుండి రెండవవైపునకు మారును. ఆ క్షణమున పడవలోని వారందరు తలలు వంచి, తమ స్థానములు మార్చుకొని, బరువు సరిచూడవలెను. అజాగ్రత్తగా నుండినచో పడవ తలక్రిందగును. అందువలన ప్రాణరక్షక కవచమును ధరింపనిదే ఏ కేడెట్టును పడవ ఎక్కనీయరు. పడవ తిరుగబడినచో దానిని విడిచి ఈదుకొనుచు ఒడ్డునకు పోవ ప్రయత్నింపరాదని, తేలుచున్న పడవనే పట్టుకొని సహాయమునకై వేచియుండవలెనని మొదటి పాఠముననే చెప్పుదురు. ఒడ్డు కంటికి కనబడినంత దగ్గరగా నుండదు. ఈ ఒక్క సూత్రము తెలిసినందువలన ప్రాణములు దక్కును.

ముడులు వేయుట నావికుని అక్షరాభ్యాసము. పైకి చూచుటకు ఇది చిన్న పనివలె తోచును. కాని ఓడపై ప్రతి పనియు త్రాటితో ముడివడియున్నది. సమానమైన లావు గల రెండు త్రాళ్లను కలుపుటకు ‘రీఫ్ నాట్’, లావు భేదము గల త్రాళ్లను కలుపుటకు ‘షీట్ బెండ్’, స్తంభమునకు త్రాటిని చుట్టి బిగించుటకు ‘క్లోవ్ హిచ్’ ఉపయోగపడును. వీనిలో ‘బౌలైన్’ మిక్కిలి ముఖ్యమైనది. దీనితో వేసిన ఉచ్చు ఎంత లాగినను బిగియదు, జారదు. నీటిలో మునుగుచున్నవానికి అట్టి ఉచ్చును విసరినచో, అతడు దానిని చంకల క్రిందికి తెచ్చుకొనును. లాగునపుడు అది అతని రొమ్మును నొక్కివేయదు. పని ముగిసినపిదప సులభముగా విప్పవచ్చును. మంచి ముడికి రెండు లక్షణములుండవలెను: అవసరమైనంతసేపు వీడరాదు, అవసరము తీరినంతనే వీడవలెను. తుఫానురాత్రి చీకటిలో కూడ తప్పక వేయగలుగునంతగా చేతికి అలవడువరకు కేడెట్లు దీనిని సాధన చేయుదురు.

ఓడ వేగమును కూడ ‘నాట్లు’ అనియే లెక్కింతురు. ‘నాట్’ అనగా ముడి. పూర్వము ఓడవెనుక ఒక కొయ్యపలకను నీటిలో వేసి, దానికి కట్టిన త్రాటిని విడుచుచుండెడివారు. ఆ త్రాటికి సమానమైన ఎడములలో ముడులుండెడివి. ఇసుక గడియారము ముగియు లోపల ఎన్ని ముడులు చేతినుండి జారిపోయినవో లెక్కించి ఓడ వేగమును చెప్పెడివారు. నేడు యంత్రములు వచ్చినను ఆ పేరు నిలిచిపోయినది. గంటకు ఒక నాటికల్ మైలు పోవు వేగము ఒక నాట్. నాటికల్ మైలు 1852 మీటర్లు.

ఈ కొలత ఎచటినుండి వచ్చినదో తెలిసికొన్నచో మీ భూగోళపాఠము క్రొత్త వెలుగున కనిపించును. ఒక డిగ్రీ అక్షాంశమును 60 భాగములు చేసినచో ఒక్కొక్క భాగము ఒక మినిట్. భూమిపై ఒక మినిట్ అక్షాంశపు దూరము ఇంచుమించు ఒక నాటికల్ మైలు. కళింగపట్టణము సుమారు 18 డిగ్రీల 20 మినిట్ల ఉత్తర అక్షాంశముపై నున్నది. 18ని 60చే గుణించి 20 కలిపినచో 1100 వచ్చును. అనగా కళింగపట్టణము భూమధ్యరేఖకు సుమారు 1100 నాటికల్ మైళ్ల దూరమున నున్నది. తరగతిగదిలో బరువుగా తోచిన అంకెలే సముద్రముపై దారి చూపు చేతికఱ్ఱ లగుచున్నవి. కేడెట్లకు సముద్రపటమును చదువుట, దిక్సూచిని చూచుట ఇందువలననే నేర్పుదురు.

ఇవిగాక చేతులతో రెండు జెండాలను పట్టి, వానిని వేర్వేరు కోణములలో నిలిపి, ఒక్కొక్క అక్షరమును తెలుపు ‘సెమాఫోర్’ పద్ధతిని నేర్పుదురు. గాలిహోరులో మాట వినబడనంత దూరమున నున్నవారికి దీనితో వార్త పంపవచ్చును. రాత్రివేళ ఎదురుగా వచ్చు ఓడ దీపములను గుర్తించుటయు ముఖ్యమే. ఓడకు ఎడమప్రక్క ఎర్రదీపము, కుడిప్రక్క ఆకుపచ్చదీపము ఉండును. రెండును ఒక్కమారుగా కనబడినచో ఆ ఓడ మనవైపునకే వచ్చుచున్నదని తెలిసికొనవలెను. ఓడల నమూనాలను కొయ్యతో చేయుట కేడెట్లకు ప్రీతికరమైన పని. సంవత్సరమున కొకసారి శిబిరములు జరుగును. దేశమందలి అన్ని ప్రాంతములనుండి ఎన్నికైన కేడెట్లు అఖిలభారత నౌసైనిక శిబిరమున కలిసికొని పడవపందెములలోను, సెమాఫోర్‌లోను, నమూనాల తయారీలోను పోటీపడుదురు. అస్సామువాడు, కేరళవాడు, తెలుగువాడు ఒకే పడవలో తెడ్డు వేయునపుడు భాషాభేదము అడ్డురాదు.

ఇట్టి శిక్షణ అభిరుచితో నిలిచిపోక, జీవితవృత్తిగా మారవలెనని కోరువారికి మన ప్రాంతముననే ఒక చక్కని విద్యాలయము కలదు. విజయనగరమునకు సమీపమున కోరుకొండయందు 1962 జనవరి 18వ తేదీన సైనిక పాఠశాల స్థాపింపబడినది. దీనికై విజయనగర సంస్థానాధీశుల వంశమునకు చెందిన పూసపాటి విజయరామ గజపతిరాజుగారు తమ కోరుకొండ భవనమును, భూమిని ఉదారముగా దానమొసగిరి. ఒకప్పుడు రాజులు నివసించిన కట్టడమున నేడు సామాన్య కుటుంబముల బిడ్డలు చదువుకొనుచున్నారు. ప్రవేశపరీక్షలో నెగ్గినవారికి ఆరవ, తొమ్మిదవ తరగతులలో చోటు లభించును. సాధారణ విద్యతోపాటు క్రీడలు, కవాతు, ఎన్.సి.సి. శిక్షణ ఇచటి దినచర్యలో చేరియున్నవి. విద్యార్థులను పూనా సమీపమునందలి ఖడక్‌వాస్లా జాతీయ రక్షణ విద్యాలయమునకు సిద్ధము చేయుట సైనిక పాఠశాలల ప్రధానోద్దేశము. అచట నౌకాదళమునకు ఎన్నికైనవారు పిదప కేరళలోని ఎళిమల నౌకావిద్యాలయమున శిక్షణ పొందుదురు. మొదట బాలురకు మాత్రమే పరిమితమైన సైనిక పాఠశాలలలో 2021–22 విద్యాసంవత్సరము నుండి బాలికలకు కూడ ప్రవేశము కల్పింపబడినది. మరుసటి సంవత్సరమే జాతీయ రక్షణ విద్యాలయపు తలుపులును వారికి తెరువబడినవి.

బాలికలు సముద్రముపై ఏమి సాధింపగలరని సందేహించువారికి 2017–18లో జరిగిన ఒక యాత్రయే సమాధానము. భారత నౌకాదళమునకు చెందిన ఆరుగురు మహిళాధికారులు ‘తారిణి’ అను చిన్న తెరచాపనౌకపై భూప్రదక్షిణము గావించిరి. వర్తికా జోషి వారికి నాయకురాలు. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగువారు: విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి. ప్రతిభా జామ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా తక్కినవారు. 2017 సెప్టెంబరు 10వ తేదీన వారు గోవానుండి బయలుదేరిరి. నౌక పొడవు 17 మీటర్లు మాత్రమే. ఆస్ట్రేలియా, న్యూజీలాండు, ఫాక్‌లాండు దీవులు, దక్షిణాఫ్రికా రేవులలో ఆగుచు వారి ప్రయాణము సాగినది. దక్షిణ అమెరికా ఖండపు కొనయందున్న హార్న్ అగ్రము నావికులకు భయంకరమైన చోటు. పసిఫిక్ మహాసముద్రమున పెనుగాలులను, కొండలవంటి కెరటములను ఎదుర్కొని 2018 జనవరిలో వారు దానిని దాటిరి. తిరుగుప్రయాణమున హిందూమహాసముద్రమున చుక్కాని యంత్రము చెడిపోగా మారిషస్ రేవున ఆగి బాగుచేయించుకొనిరి. మే 21వ తేదీన గోవాకు క్షేమముగా చేరిరి. మొత్తము 254 దినములలో సుమారు 21,600 నాటికల్ మైళ్లు పయనించిరి.

ఈ యాత్రలో ఆ ఆరుగురును వంతులవారీగా చుక్కాని పట్టిరి, వంతులవారీగా వండుకొనిరి, చిరిగిన తెరచాపలను కుట్టుకొనిరి. పాఠశాల కేడెట్టు వేలర్ పడవలో మొదటిదినమున నేర్చుకొనునదియు ఇదియే: నీ వంతు నీవు చేయుము, ప్రక్కవారి చేతిని నమ్ముము. దూరము పెరిగినది గాని పాఠము మారలేదు.

ఈ శిక్షణ యుద్ధమునకు మాత్రమే అని తలంచుట పొరపాటు. మన ఉత్తరాంధ్రతీరము తుఫానులకు తరచు గురియగుచుండును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకి విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలను కూడ నష్టపరచినది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను శ్రీకాకుళము జిల్లాలోని పలాస ప్రాంతమును తీవ్రముగా దెబ్బతీసినది. ఉద్దానమునందలి కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. అట్టి సమయమున త్రాటిని గట్టిగా కట్టగలవాడు, ఈదగలవాడు, గాయపడినవానికి ప్రథమచికిత్స చేయగలవాడు, కలవరపడక చెప్పినమాట విని పనిచేయగలవాడు ఊరికి అండయగును. ఈ గుణములు గాలి మొదలైన పిదప నేర్చుకొనవలెనన్న సాధ్యము కాదు, ముందుగనే అలవడియుండవలెను.

ఈ శిక్షణవలన మరియొక మేలు కలదు. తీరగ్రామములనుండి పట్టణ పాఠశాలకు వచ్చిన మత్స్యకారుని బిడ్డ తరగతిలో కొంత వెనుకాడుచు వెనుకబల్లపై కూర్చుండును. తన తండ్రి వృత్తిని చెప్పుకొనుటకు సంకోచించును. అదే బిడ్డ పడవ ఎక్కినపుడు కథ మారిపోవును. తెడ్డు ఎంత లోతున ముంచవలెనో, గాలి ఎటు మరలుచున్నదో అతనికి చెప్పనక్కరలేదు. తరగతిలో మొదటివాడుగా నుండు పట్టణపు బాలుడు అతనిని చూచి నేర్చుకొనును. పటమును చదువునపుడు ఆ బాలుడు ఇతనికి సాయపడును. ఒకరి విద్యను మరియొకరు గౌరవించుట అచట ఎవరును ఉపన్యసింపకయే అలవడును. తాతలనాటి నీటివిద్యను తక్కువగా చూచి పుస్తకవిద్యను మాత్రమే గొప్పగా తలంచు సమాజము సగము జ్ఞానమును పోగొట్టుకొనును. పుస్తకవిద్య మనకెందులకని తీరవాసులు తలంచినను నష్టము అంతియే.

అన్ని పాఠశాలలయందును నౌకాశాఖ లేదు. పడవలు, శిక్షకులు, నీటివసతి కావలసియుండుటచేత ఇది కొన్నిచోట్లనే సాధ్యమగుచున్నది. తీరమునకు మిక్కిలి దగ్గరగా నున్న పల్లెల బిడ్డలకు ఈ అవకాశము అందుట మిక్కిలి అవసరము. అది అందువరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. పెద్దల పర్యవేక్షణలో ఈత నేర్చుకొనవచ్చును. రెండు మూరల త్రాటితో బౌలైన్ ముడిని సాధన చేయవచ్చును. పటములో మీ ఊరి అక్షాంశ రేఖాంశములను గుర్తింపవచ్చును. మీ ఊరిలో వేటకు పోయిన వృద్ధుడున్నచో ఆయన చెంతకు పోయి, “తాతా! చుక్కలను చూచి దారి ఎట్లు గుర్తించెడివాడవు?” అని అడుగుడు. ఆయన చెప్పినదానిని మీ నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఆ విద్య ఏ పాఠ్యపుస్తకమునందును లేదు. ఆయనతోనే అంతరించిపోవ వచ్చును. ఒక్క మాట మాత్రము మరువకుడు: పెద్దలు వెంటలేక సముద్రములో దిగరాదు. తనకు తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని ఒడ్డున నిలుచుటయు మంచి నావికుని లక్షణమే.

విద్యార్థులారా! మన తాతలు తెప్పపై కెరటములను దాటిరి. మన అక్కలు తెరచాపనౌకపై భూమిని చుట్టివచ్చిరి. వారిరువురి విద్యలును మీకు కావలెను. నీటిని ఎరిగిన చేతులు, పటమును చదువగల కన్నులు, ఆజ్ఞను వినగల చెవులు గలవారు ఐదుగురు కలిసి తెడ్డు వేసినచో పడవ తప్పక ఒడ్డు చేరును.

ప్రశ్నలు

1. మత్స్యకారుల విద్యకును, పాఠశాలలో నేర్చు విద్యకును గల భేదమేమి? రెండును ఎందుకు కావలెను?

2. నేలపై కవాతు నేర్చుటవలన పడవలో కలుగు ప్రయోజనమును వివరింపుడు.

3. బౌలైన్ ముడి ప్రత్యేకత ఏమి? అది ఎప్పుడు ఉపయోగపడును?

4. మీ ఊరి అక్షాంశమును తెలిసికొని, అది భూమధ్యరేఖకు ఎన్ని నాటికల్ మైళ్ల దూరమున నున్నదో లెక్కింపుడు.

5. ‘తారిణి’ యాత్రను గూర్చి పది వాక్యములలో వ్రాయుడు.